యాభై కిలోల ఎంజైము: ఒక తప్పుడు లెక్క

అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ ఎనర్జీ సంస్థ తలపెట్టిన గ్రీన్ హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. పూర్తయిన నాడు అక్కడ రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ తయారవుతుందని ప్రకటించారు. ఆ అంకె చదివిన సాయంత్రం నేను ఒక కాగితం తీసుకొని లెక్క వేశాను. గాలి సోకని బురదలో బతికే డీసల్ఫోవిబ్రియో అనే బాక్టీరియాలో హైడ్రోజనేస్ అనే ఎంజైము ఉంది. దాని ఒక్కొక్క అణువు సెకనుకు దాదాపు 9,000 హైడ్రోజన్ అణువులను పుట్టించగలదని ప్రయోగశాలల్లో కొలిచారు. ఆ ఎంజైము ఒక మోల్ బరువు సుమారు 55 కిలోలు. గుణించి, భాగించి చూస్తే ఒక్క కిలో ఎంజైము రోజుకు 28 టన్నులకు పైగా హైడ్రోజన్ ఇవ్వాలి. అంటే పూడిమడక కేంద్రం మొత్తానికి కావలసిన ఎంజైము యాభై మూడు కిలోలు: రెండు పాతిక కిలోల బియ్యం సంచులు, మీద కొసరుగా మూడు కిలోలు.

ఈ లెక్కలో వాడిన అంకెలేవీ అబద్ధం కావు, అయినా లెక్క తప్పు. రసాయన శాస్త్రం చెప్పుకొని బతికిన నేను ‘హైడ్రోజన్‌ను పుట్టించడంలో ఖరీదైన ప్లాటినం చేసే పనిని ప్రకృతి చవకైన ఇనుముతో చేస్తుంది, మనమూ ఇవాళో రేపో చేస్తాం’ అనే వాక్యాన్ని ఏళ్ళ తరబడి తరగతిలో చెప్పాను, పిల్లలు రాసుకున్నారు. పత్రికల్లో ఈ ఎంజైముల గురించి వచ్చే ప్రతి వార్తలోనూ అదే వాక్యం వేరే దుస్తులు వేసుకొని కనిపిస్తుంది. అందులో సగం నిజం ఉంది కాబట్టే మిగతా సగాన్ని ఎవరూ పట్టించుకోరని ఇప్పుడు అనిపిస్తోంది.

నిజమైన సగం అందమైనది, కాబట్టి దానితోనే మొదలుపెడతాను. 1931లో కేంబ్రిడ్జిలో మార్జరీ స్టీఫెన్సన్, లెనార్డ్ స్టిక్‌లాండ్ అనే ఇద్దరు పరిశోధకులు కొన్ని బాక్టీరియాలు హైడ్రోజన్ వాయువును ఆహారంలా వాడుకోగలవని చూపించి, ఆ పని చేసే ఎంజైముకు హైడ్రోజనేస్ అని పేరు పెట్టారు. స్టీఫెన్సన్ తరువాత 1945లో రాయల్ సొసైటీకి ఎన్నికైన తొలి ఇద్దరు మహిళల్లో ఒకరయ్యారు. పేరు పెట్టాక ఆ ఎంజైము లోపల ఏముందో కళ్ళతో చూడడానికి అరవై ఏళ్ళకు పైగా పట్టింది. నికెల్, ఇనుము కలిసి ఉండే రకం స్వరూపం 1995లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లోనూ, ఇనుము మాత్రమే ఉండే రకం స్వరూపం 1998, 1999 సంవత్సరాల్లో అమెరికా, ఫ్రాన్సుల్లోనూ తేలాయి. తేలినది చూసి రసాయనవేత్తలు ఆశ్చర్యపోయారు. ఆ ఇనుము పరమాణువులను పట్టుకొని ఉన్నవి కార్బన్ మోనాక్సైడ్, సయనైడ్. మనిషి ప్రాణం తీసే ఈ రెండు విషాలనూ బాక్టీరియా టైరోసిన్ అనే మామూలు ఎమినో ఆమ్లాన్ని విరిచి, బయటికి పొక్కకుండా తయారుచేసుకొని, ఇనుముకు తొడుగుతుంది. నికెల్ ఉన్న రకంలో సయనైడ్ వేరే దారిన పుడుతుంది గాని తొడుగు మాత్రం అదే జాతిది.

ఇనుము మాత్రమే ఉన్న రకంలో పని జరిగే చోట ఆరు ఇనుము పరమాణువులుంటాయి. నాలుగు ఒక గంధకపు పెట్టెలో కూర్చొని ఎలక్ట్రాన్లను అందిస్తాయి, మిగిలిన రెండు జంటగా ఉండి అసలు పని చేస్తాయి. ఆ జంటను కలిపే చిన్న వంతెన మధ్యలో ఏ పరమాణువు ఉందన్నది చాలాకాలం తేలలేదు. కార్బన్, ఆక్సిజన్, నైట్రోజన్‌లు ఎక్స్‌రే చిత్రంలో దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ఈ వివాదాన్ని 2013లో ఫ్రాన్సు, జర్మనీ పరిశోధకులు కలిసి పరిష్కరించిన తీరు గురించి ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు. వాళ్ళు మూడు ఇనుప సమ్మేళనాలను గాజు కుప్పెలో తయారుచేశారు. మూడింటికీ తేడా ఆ ఒక్క పరమాణువే: ఒకదానిలో కార్బన్, ఒకదానిలో ఆక్సిజన్, ఒకదానిలో నైట్రోజన్. తరువాత ఆకుపచ్చ నాచుకు చెందిన హైడ్రోజనేస్‌ను, ఇనుప జంట లేకుండా ఖాళీ గూడులా తయారుచేయించి, ఒక్కొక్క సమ్మేళనాన్నీ ఆ గూటిలోకి చేర్చారు. నైట్రోజన్ ఉన్నది చేరిన ఎంజైము సహజమైన ఎంజైముతో సమానంగా పనిచేసింది, మిగిలినవి చేరిన ఎంజైములు అచేతనంగా ఉండిపోయాయి. నైట్రోజన్ తన ఒంటరి ఎలక్ట్రాన్ జంటతో ప్రోటాన్‌ను అందుకొని ఇనుముకు అందిస్తుందనీ, అది లేకపోతే ఇనుము ఒక్కటీ ఏమీ చేయలేదనీ దీనితో స్థిరపడింది.

ఆ ప్రయోగంలో పాఠ్యపుస్తకాలు అంతగా చెప్పని సంగతి ఒకటుంది. గూటిలో చేరి అంత వేగంగా పనిచేసిన ఆ నైట్రోజన్ సమ్మేళనమే గాజు కుప్పెలో విడిగా ఉన్నప్పుడు ఉత్ప్రేరకంగా దాదాపు పనికిరానిది. ఇలాంటి ఇనుము, గంధకం, కార్బన్ మోనాక్సైడ్ సమ్మేళనాలను 1920ల చివర్లోనే రైలెన్ అనే జర్మన్ రసాయనవేత్త తయారుచేశాడు. అవి డెబ్భై ఏళ్ళపాటు ఎవరికీ అక్కరలేకుండా పడి ఉన్నాయి. కాబట్టి ‘ఇనుము చవక’ అన్న మాటకు అర్థం లేదు. పని చేస్తున్నది ఇనుము కాదు, ఇనుమును సరైన వంపులో పట్టుకొని, నీటినీ ప్రోటాన్‌నీ ఎలక్ట్రాన్‌నీ వేర్వేరు దారుల్లో వేళకు రప్పిస్తున్న ప్రోటీన్ గూడు. ఇనుము ఖరీదు చూసి ఎంజైము ఖరీదు కట్టడం, బంగారు నగను తూకం వేయకుండా దారం ఖరీదు చెప్పినట్టుంటుంది.

ఆ గూడు ఎంత కాలం నిలుస్తుందన్నదే నా లెక్కలో తప్పిన చోటు. ఇనుప హైడ్రోజనేస్‌లలో చాలా వాటికి గాలి తగిలితే నిమిషాల్లో, కొన్నిసార్లు అంతకంటే తొందరగా, చక్కదిద్దలేనంతగా పని జరిగే ఆ చోటు చెడిపోతుంది. సెకనుకు 9,000 అన్న వేగం ఒక గంట వేగం మాత్రమే అయితే, యాభై మూడు కిలోలు రోజుకు ఇరవై నాలుగు సార్లు మార్చవలసి వస్తుంది. ఒక పూట వేగమైతే రెండు సార్లు. పరిశ్రమలో విద్యుత్తుతో నీటిని విడగొట్టే యంత్రం, ఎలక్ట్రోలైజర్, ఏళ్ళ తరబడి, పదుల వేల గంటలు నడవాలని ఆశిస్తారు. వేగం గురించి వచ్చిన పరిశోధనా పత్రాల్లో సెకనుకు ఎన్ని అన్నది శీర్షికలో ఉంటుంది, ఎన్ని గంటలు నిలిచిందన్నది లోపలెక్కడో ఉంటుంది. చదవవలసినది రెండోది.

మరి బాక్టీరియాకు ఈ బాధ ఎందుకు లేదు? ఉంది. దానికి బాక్టీరియా కనిపెట్టిన పరిష్కారం గట్టితనం కాదు, మరమ్మతు. ఆకులో నీటిని విడగొట్టే ఫోటోసిస్టమ్ 2 అనే మరో లోహపు ఎంజైమును చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. నాలుగు మాంగనీసు పరమాణువులు, ఒక కాల్షియం, ఐదు ఆక్సిజన్‌లు కలిసిన వంకర కుర్చీలాంటి దాని కేంద్రాన్ని 2011లో జపాన్ శాస్త్రవేత్తలు స్పష్టంగా చూపించారు. భూమి మీద మనం పీల్చే ఆక్సిజన్ అక్కడ పుట్టిందే. అంతటి ఎంజైములో కీలకమైన డీ1 అనే ప్రోటీన్ మండుటెండలో సుమారు అరగంటకొకసారి దెబ్బతింటుంది. మొక్క దానిని బయటికి లాగి, ముక్కలు చేసి, కొత్తది అల్లి పెడుతుంది. మధ్యాహ్నం పొలం గట్టు మీద కదలకుండా నిలబడిన ప్రతి ఆకులోనూ ఈ కమ్మరి కొలిమి ఆగకుండా నడుస్తూ ఉంటుంది. ఎంజైమును కణం నుంచి విడదీసి యంత్రంలో పెట్టినప్పుడు మనం పనివాణ్ణి తెచ్చుకుంటున్నాం, వాడికి రోజూ అన్నం వండి, జ్వరం వస్తే మందిచ్చే ఇంటిని మాత్రం వెనక వదిలేస్తున్నాం.

ఇంటితో సహా తెచ్చుకుంటే ఎలా ఉంటుందన్న ప్రశ్న కూడా పాతదే. ఆకుపచ్చ నాచు హైడ్రోజన్‌ను విడుదల చేయగలదని హాన్స్ గాఫ్రాన్ 1940ల నాటికే గమనించాడు. కానీ వెలుగులో నాచు ఆక్సిజన్‌ను కూడా విడుదల చేస్తుంది, ఆ ఆక్సిజనే హైడ్రోజనేస్‌కు మృత్యువు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. 2000 సంవత్సరంలో బర్క్‌లీకి చెందిన అనస్తాసియోస్ మెలిస్ బృందం గంధకం లేని నీటిలో నాచును పెంచి దీనికి ఒక ఉపాయం చూపింది. గంధకం లేక డీ1 మరమ్మతు కుంటుపడుతుంది, ఆక్సిజన్ పుట్టుక తగ్గుతుంది, పుట్టినదాన్ని నాచు తన శ్వాసకే వాడేసుకుంటుంది, అప్పుడు హైడ్రోజన్ బుడగలు మొదలవుతాయి. కొద్ది రోజులపాటు ఆగకుండా వస్తాయి. ఆ రోజుల్లో నాచు తన ఒంట్లోని నిల్వలనే కరిగించుకుంటూ ఉంటుంది. ఇది గొప్ప ప్రయోగమే, కానీ ఆకలితో మాడుతున్న జీవి నుంచి ఇంధనం పిండే పద్ధతి మీద పరిశ్రమను నిలబెట్టడం కష్టమని నా అభిప్రాయం, పాతికేళ్ళ అనుభవం కూడా దానికి విరుద్ధంగా ఏమీ చెప్పలేదు.

ప్లాటినం సంగతి కూడా ఒకసారి తేల్చుకోవాలి. నీటిని విడగొట్టి ఒక కిలో హైడ్రోజన్ తీయడానికి సిద్ధాంతం ప్రకారమే సుమారు 39 యూనిట్ల విద్యుత్తు కావాలి, వాస్తవంలో 50 దాటుతుంది. ఏ ఎంజైమూ, ఏ ఉత్ప్రేరకమూ ఆ 39ని తగ్గించలేదు, పైన వృథా అయ్యేదాన్ని మాత్రమే తగ్గించగలదు. ఆ వృథాలో హైడ్రోజన్ పుట్టే వైపు వాటా కొంచెమే, ఆక్సిజన్ పుట్టే వైపు వాటా ఎక్కువ. ఎందుకంటే హైడ్రోజన్ వైపు ప్లాటినం ఇప్పటికే దాదాపు నష్టం లేకుండా పనిచేస్తుంది. నికెల్, ఇనుము ఉన్న హైడ్రోజనేస్ ప్లాటినంతో సరితూగుతుందని ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్రేజర్ ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం 2002లో చూపింది. సరితూగుతుందనే గాని, అది ప్లాటినాన్ని చిత్తుచేస్తుందని కాదు. అదీ కాక, క్షారద్రావణంతో నడిచే పాత పద్ధతి ఎలక్ట్రోలైజర్లలో ప్లాటినం అవసరమే లేదు, దశాబ్దాలుగా నికెల్‌తోనే నడుస్తున్నాయి. కొత్త పద్ధతి పొర ఎలక్ట్రోలైజర్లలో నిజంగా కొరత ఉన్న లోహం ప్లాటినం కాదు, ఆక్సిజన్ వైపు వాడే ఇరిడియం. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి తవ్వి తీసేది ఏడెనిమిది టన్నులే, అందులో అత్యధిక భాగం దక్షిణాఫ్రికాది. కాబట్టి ప్రకృతి దగ్గర పాఠం నేర్చుకోవలసిన అత్యవసరం ఉన్నది హైడ్రోజనేస్ వద్ద కంటే ఆ నాలుగు మాంగనీసుల కుర్చీ వద్ద. పరిశోధకుల అభిమానం మాత్రం ఎందుకో హైడ్రోజనేస్ మీదే ఎక్కువ. అది అందంగా ఉండడం వల్ల కావచ్చు.

ఇంత చెప్పి కృత్రిమ ఎంజైములు వృథా అంటున్నానని అనుకోవద్దు. నేను కాదంటున్నది ఎంజైమును యంత్రభాగంలా వాడుకోవాలనే ఆలోచనను మాత్రమే. ఎంజైము నుంచి ఒక ఉపాయాన్ని తీసుకొని, దానిని గట్టి పదార్థంలో మళ్ళీ కట్టడం వేరే సంగతి, అక్కడ ఫలితాలు వచ్చాయి. అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాలలో డుబాయ్ బృందం ఇనుమును వదిలి నికెల్ తీసుకొంది, ప్రోటీన్‌ను వదిలి చిన్న ఫాస్ఫరస్ అణువులను చుట్టూ పెట్టింది, కానీ హైడ్రోజనేస్‌లోని ఆ వేలాడే నైట్రోజన్‌ను మాత్రం వదలలేదు. 2011లో వాళ్ళ నికెల్ సమ్మేళనం ఒకటి సెకనుకు లక్షకు పైగా హైడ్రోజన్ అణువులను పుట్టించింది. సహజ ఎంజైము వేగానికి పది రెట్లు! అయితే ఆ వేగం కోసం అవసరమైనదాని కంటే సుమారు 0.6 వోల్టులు అదనంగా ఇవ్వవలసి వచ్చింది, ఎంజైము దాదాపు ఏ అదనమూ అడగదు. పందెంలో గెలిచింది గాని ఎడ్ల మేత ఖర్చు తడిసి మోపెడయిందన్నమాట. ఆ తరువాత అదే ప్రయోగశాలలో ఈ నికెల్ చుట్టూ ఎమినో ఆమ్లాలను తగిలించి, గూడులోని గుణాలను కొద్దికొద్దిగా తిరిగి తెచ్చి, ఆ అదనపు ఖర్చు తగ్గించే పని సాగింది. ఇనుము కాకపోయినా ఫరవాలేదు, ప్రోటీన్ లేకపోయినా కొంత ఫరవాలేదు, ప్రోటాన్‌కు దారి మాత్రం తప్పనిసరి అన్నది అక్కడ తేలిన సంగతి.

దీనికి ఎదురు దారి కూడా ఉంది: గూడును ఉంచి లోహాన్ని మార్చడం. రుబ్రెడాక్సిన్ అనే చిన్న ప్రోటీన్‌లో ఒకే ఒక్క ఇనుము పరమాణువు నాలుగు గంధకాల మధ్య ఉంటుంది. దాని పని ఎలక్ట్రాన్లను మోయడం మాత్రమే, హైడ్రోజన్‌తో దానికి సంబంధం లేదు. ఆ ఇనుమును తీసి నికెల్ పెడితే అది హైడ్రోజన్‌ను పుట్టించడం మొదలుపెడుతుందని 1988లోనే చూపారు, 2015లో హన్నా షఫాత్ బృందం దానిని మళ్ళీ చేతిలోకి తీసుకొని లోతుగా పరిశీలించింది. అసలు హైడ్రోజనేస్‌తో పోలిస్తే ఇది నెమ్మది. కానీ యాభై పైచిలుకు ఎమినో ఆమ్లాల చిన్న ప్రోటీన్, తయారుచేయడం తేలిక, కట్టడం గట్టిది. సెకనుకు ఎన్ని అన్న పోటీలో దీనికి బహుమతి రాదు గాని, నాకు భవిష్యత్తు ఉన్నట్టు కనిపించేది ఇలాంటి మొండి ఘటాల్లోనే.

ఇప్పుడు బయో ఇంధనం సంగతి. మా అమ్మమ్మ ఇంట్లో పశువుల కొట్టం పక్కన ఇనుప డ్రమ్ము పైకీ కిందికీ తేలే గోబర్ గ్యాస్ ప్లాంటు ఉండేది. పొద్దున్నే పేడ, నీళ్ళు సమానంగా కలిపి తొట్టిలో పోయడం సెలవుల్లో నా వంతు. ఆ గుంతలో హైడ్రోజన్ పుడుతుందని, పుట్టిన క్షణంలోనే మాయమవుతుందని నాకు అప్పుడు తెలియదు. పేడలోని పీచును పులియబెట్టే బాక్టీరియా హైడ్రోజనేస్‌లతో హైడ్రోజన్‌ను వదులుతాయి. వాటి పక్కనే కాచుకొని ఉన్న మీథేన్ సూక్ష్మజీవులు తమ నికెల్ హైడ్రోజనేస్‌లతో దానిని వెంటనే మింగి, కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్‌గా మారుస్తాయి. ఆఖరి మెట్టులో మీథేన్‌ను విడుదల చేసే ఎంజైము నడిబొడ్డున కూడా నికెల్ పరమాణువే ఉంటుంది, పసుపు రంగు అణువొకటి దానిని పట్టుకొని ఉంటుంది. భూమి మీద జీవులు పుట్టించే మీథేన్‌లో దాదాపు మొత్తం ఆ ఒక్క రకం ఎంజైము గుండానే వస్తుంది.

‘మీథేన్ దాకా ఎందుకు, హైడ్రోజన్ దగ్గరే ఆపి పట్టుకోవచ్చు కదా’ అన్న ఆలోచనతో చాలా పరిశోధన జరిగింది, మన దేశంలో ఐఐటీ ఖరగ్‌పూర్‌లోనూ, హైదరాబాదు తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీలోనూ మురుగునీటిని పులియబెట్టి హైడ్రోజన్ తీసే పని ఏళ్ళ తరబడి సాగింది. ఆ పని నాణ్యతను నేను శంకించడం లేదు. నా అభ్యంతరం లెక్క దగ్గరే. ఒక గ్లూకోజ్ అణువు నుంచి సిద్ధాంతపరంగా 12 హైడ్రోజన్ అణువులు రావాలి, చీకటిలో పులియబెట్టే బాక్టీరియా గరిష్ఠంగా ఇవ్వగలిగేది 4. మిగిలినదంతా వెనిగర్‌లోని ఆమ్లంగా నీటిలోనే ఉండిపోతుంది. శక్తి లెక్కలో చూస్తే గ్లూకోజ్‌లో ఉన్నదానిలో 40 శాతం మాత్రమే హైడ్రోజన్‌గా చేతికొస్తుంది, అదీ అన్నీ కలిసొస్తే. అదే గ్లూకోజ్ మూడు మీథేన్ అణువులుగా మారితే 95 శాతం వస్తుంది. ఆ మిగిలిపోయిన ఆమ్లాన్ని కూడా మీథేన్ జీవులు వదలవు మరి. సూక్ష్మజీవులు కోట్ల ఏళ్ళుగా హైడ్రోజన్‌ను తమలో తాము చేతులు మార్చుకునే చిల్లర డబ్బులా వాడుకుంటున్నాయి. ఆ చిల్లరను మధ్యలో లాక్కుంటే మొత్తం సంత మూతపడుతుంది.

హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో ఐఐసీటీ పరిజ్ఞానంతో పెట్టిన బయోగ్యాస్ ప్లాంటు నాకు నచ్చడానికి కారణం ఇదే. రోజుకు పది టన్నుల కుళ్ళిన కూరగాయలను తీసుకొని దాదాపు 500 యూనిట్ల విద్యుత్తును, వంట గ్యాస్‌ను ఇచ్చేలా దానిని నిర్మించారు. అక్కడ ఎవరూ ఎంజైమును శుద్ధి చేయలేదు, ఆక్సిజన్ నుంచి కాపాడడానికి జెల్ పూయలేదు. నికెల్ ఎంజైములు తమ ఇంట్లో తామున్నాయి, చెడిపోయినవాటిని అవే అల్లుకుంటున్నాయి. హైడ్రోజన్‌ను ముందు తొట్టిలో కొంత తీసుకొని, మిగిలిన ఆమ్లాన్ని వెనక తొట్టిలో మీథేన్‌గా మార్చే రెండంచెల పద్ధతి ఉందని ఎవరైనా గుర్తుచేస్తే, దానితో నాకు పేచీ లేదు. అందులో హైడ్రోజన్ కొసరు, మీథేన్ అసలు అని ఒప్పుకుంటే చాలు.

గాలిలోని హైడ్రోజన్‌తో విద్యుత్తు అన్న వార్త కూడా గుర్తుండే ఉంటుంది. మైకోబాక్టీరియం స్మెగ్మాటిస్ అనే బాక్టీరియాకు చెందిన హుక్ అనే హైడ్రోజనేస్‌ను ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయ బృందం 2023లో వివరించింది. పది లక్షల వంతుల గాలిలో అర వంతు ఉండే హైడ్రోజన్‌ను కూడా అది పట్టుకుంటుంది, ఆక్సిజన్‌కు ఏమాత్రం చలించదు. ఆ ఎంజైము లోపలి ఇరుకు దారులు హైడ్రోజన్‌ను రానిచ్చి ఆక్సిజన్‌ను ఆపుతాయన్నది నిజంగా నేర్చుకోదగ్గ పాఠం. గాలితో ఫోన్ చార్జ్ అవుతుందన్నది శీర్షికలు రాసేవాళ్ళ ఉత్సాహం.

హైడ్రోజనేస్‌కు మన నేల మీద అసలైన పని ఎక్కడుందని అడిగితే నేను వేరుశనగ చేను చూపిస్తాను. పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల్లో నైట్రోజనేస్ అనే ఎంజైము మాలిబ్డినం, ఇనుములతో గాలిలోని నైట్రోజన్‌ను అమోనియాగా మారుస్తుంది. ప్రతి నైట్రోజన్ అణువుకూ ఎనిమిది ఎలక్ట్రాన్లు, కణంలో శక్తిని మోసే ఏటీపీ అణువులు పదహారు ఖర్చవుతాయి, ఆ ఎనిమిదిలో కనీసం రెండు హైడ్రోజన్‌గా మారి మట్టిలోకి పోతాయి. మొక్క ఎండలో కష్టపడి చేసిన చక్కెరలో అంత భాగం గాలిపాలు. ఈ నష్టం ఎంత పెద్దదో 1976లో షూబర్ట్, ఎవాన్స్ లెక్కకట్టి చూపారు. కొన్ని రకాల రైజోబియం బాక్టీరియాల్లో మాత్రం నికెల్ హైడ్రోజనేస్ ఒకటి ఉండి, పోతున్న హైడ్రోజన్‌ను వెనక్కి పట్టి శక్తిగా మార్చి ఇస్తుంది. చాలా రకాల్లో అది లేదు. విత్తనానికి పట్టించే రైజోబియంలో ఆ ఎంజైము ఉన్న రకాన్ని ఎంచుకోవడం, అది చేరిన చోట మట్టిలో నికెల్ చాలినంత ఉందో లేదో చూడడం: సిలిండర్‌లోకి ఎక్కని, పత్రికల్లో శీర్షిక కాని హైడ్రోజన్ పొదుపు ఇది.

కాయ తవ్వే ముందు ఒక మొక్కను పీకి, వేరు బుడిపెను గోటితో చీల్చి చూడండి. పనిచేస్తున్న బుడిపె లోపల నెత్తురులా ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపు ఇంకొక ఇనుప ప్రోటీన్‌ది, మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు దాయాది. నైట్రోజనేస్‌కు ఆక్సిజన్ తగలకుండా పట్టి, బాక్టీరియా శ్వాసకు కావలసినంత మాత్రమే వదలడం దాని పని. బుడిపె ముసలిదై ఆ కాపలా ఆగిపోయినప్పుడు లోపల ఆకుపచ్చగా, తరువాత గోధుమ రంగుగా మారిపోతుంది.